తాళం వేసిన ఇల్లు

తర్లుపాడు దాటి, మట్టిరోడ్డు పలకగనుల వైపు తిరిగేచోట
మా బడి. గదులు రెండే.
రెండో తరగతికి వరండానే గది.

కందికట్టె విరిచి పుల్లలు చేసుకున్నాం.
పది పుల్లలకి ఒక దారం.
"ముడి పడ్డాక ఇవి పది కావు, ఒకటి" అన్నాను,
"ఒక పది."
వెలుగొండయ్య కట్ట విప్పి లెక్కపెట్టాడు.
పదే ఉన్నాయి.
కొట్లో తూకం తేడా పట్టినవాడిలా
నా మొహంలోకి చూశాడు.

ఏం చెప్పను.
పదిగా ఉంటూనే ఒకటి కావడం
ఇరవయ్యేళ్ళుగా చెబుతున్నాను గాని
నాకూ పూర్తిగా లొంగిన సంగతి కాదు.

మన మాట కాస్త సాయం చేస్తుంది, కాస్త ఆటపట్టిస్తుంది.
ఇరవై ఒకటి, ఇరవై రెండు: విన్నట్టే రాసుకోవచ్చు.
పదకొండు దగ్గర పది కనిపిస్తుంది,
ఒకటి మాత్రం కొండెక్కి కూచుంటుంది.
పన్నెండులోనయితే పది సగం నలిగిపోయింది.
పిల్లలు వీటిని వేళ్ళతో కాదు,
నాలుకతో మోస్తారు.

నూట ఆరు రాయమంటే
కాశింబీ 1006 రాసింది.
ముందు నూరు, పక్కన ఆరు.
చెవి తప్పు వినలేదు, చెయ్యి తప్పు రాయలేదు.
తప్పంతా చోటుదే.

మర్నాడు తనే మూడు పలకముక్కలు తెచ్చింది.
వాళ్ళ నాన్న ఉలి పెట్టి తడితే
రాయి పుస్తకంలా పేజీలు పేజీలుగా విడిపోతుంది.
పలకలు కొనేవాళ్ళు తగ్గారని
ఇప్పుడు గోడలకంటించే బిళ్ళలు కోస్తున్నాడట.
ఆ మూడు ముక్కలూ నేలమీద వరసగా పేర్చాం.
కుడివైపుది ఒకట్ల ఇల్లు,
నడిమిది పదులది,
ఎడమ చివర వందలది.

"ఒకట్ల ఇంట్లో తొమ్మిదిమందికే చాప.
పదోవాడు గడప తొక్కాడా,
అందరూ కట్టకట్టుకుని పక్కింటికి పోవాల్సిందే."
నవ్వారు. పుల్లల్ని మందలించి మరీ తోలారు.

నూట ఆరు పేర్చాం.
ఎడమన పెద్ద కట్ట, కుడిన ఆరు పుల్లలు.
"మరి నడిమింట్లో ఎవరూ లేరే, ఏం రాద్దాం?"

ఎవరూ మాట్లాడలేదు.
గనుల వైపునించి లారీ ఒకటి పోయి దుమ్ము సర్దుకుంది.

"తాళం" అన్నాడు వెలుగొండయ్య.

"తాళం ఏందిరా?"
"మనుషులు లేకపోతే తాళమేస్తారు గదా టీచర్.
ఇల్లు పీకెయ్యరు గదా."

బలపం తీసుకుని నడిమి పలక మీద
గుండ్రంగా గీశాడు.
కింద చిన్న తాళంచెవి కూడా వేశాడు.
చెరపమనలేదు నేను.

మాఘమాసం సగంలో
వాళ్ళింటికి నిజంగానే తాళం పడింది.
మిరపకోతలకి గుంటూరు వైపు ట్రాక్టర్ వచ్చి
వీధి వీధంతా ఎక్కించుకుపోయింది.
చిన్నవాళ్ళని చూసుకోడానికి వాడూ పోయాడు.

హాజరుపట్టీలో వాడి గడికి ఒక గుర్తుంది,
రోజూ అదే పెడుతున్నాను.
వరండాలో వరస మధ్య మూరెడు నేల మిగిలింది.
"దగ్గరికి జరగండర్రా" అన్నాను,
ఎండ ఆ పక్కకి వస్తోందని.
కాశింబీ కదల్లేదు.
"జరిగితే లెక్క మారిపోద్ది టీచర్.
నూట ఆరు పదహారయిపోద్ది."

ఎండ వచ్చింది. అక్కడే కూచున్నారు.

సాయంత్రం పుల్లలు సర్దుతుంటే
వాడు విప్పిన కట్ట అడుగున దొరికింది.
లెక్కపెట్టాను. తొమ్మిది.
మళ్ళీ లెక్కపెట్టాను.
ఒకటి జేబులో వేసుకుపోయాడో,
ఎక్కడ జారవిడిచాడో.

మూల నిండా కందికట్టె ఉంది.
ఇంకో పుల్ల విరవడం ఎంతసేపు.

దారం మాత్రం పక్కన పెట్టాను,
ముడి వెయ్యకుండా.