గుండు, బద్ద, నూక

కాశీబుగ్గ అవతల మా పిక్కల షెడ్డులో
గోడకి ఓ టీవీ ఉన్నాది.
షావుకారు దాలినాయుడు తన కోసమని పెట్టుకున్నాడు,
నలభైమంది ఆడోళ్ళం సూస్తాం.
సేతులు పొట్టు తీస్తంటాయి,
కళ్ళు ఖాళీయే కదా.

వానలకి ముందు సెప్పినారు,
‘మూడోవాటా’ మళ్ళీ వొస్తాదట,
కొత్తగా తీసినారట అని.
ఆ రాత్రి తవిటమ్మ
నోట్లో సుట్ట తీసీసి మరీ కూకున్నాది.

పాతది మీకు గుర్తుందో నేదో.
టెక్కలి లాంటి ఊరు, పేరు సెప్పరు.
పెంకుటిల్లు, మూడు వాటాలు, ఒకటే నుయ్యి.
ఇంటాయన లింగరాజు దగ్గిర ఓ కుర్సీ,
దానికో కాలు పొట్టి.
అప్పు అడగొచ్చినోడు అందులోనే కూకోవాల.
కూకున్నోడు ఒంగిపోతాడు,
ఒంగిపోయే మాటాడతాడు,
లింగరాజు కూడా తల అటే ఒంచి ఇంటాడు.
టీవీలో ఎవలూ నవ్వరు.
ఇక్కడ మేం కడుపులట్టుకుని దొర్లీవోళ్ళం.

ఒకనాడు
పింఛను ఆగిపోయిన తపాలా ముసలాయన వొచ్చినాడు.
లింగరాజు ఏటీ అననేదు.
కేలండరు కాయితం నాలుగు మడతలెట్టి
ఆ కాలి కిందకి తోసినాడు.
అంతే.
నా పెనిమిటి నవ్వుతా నవ్వుతా ఆగిపోయి
కండవాతో మొకం తుడుసుకున్నాడు.
ఆయన ఏడవడం నేను సూసింది
అదొక్కపాలే.

కొత్తది మొదటివారం బానే ఉన్నాది.
‘గుండు’ అన్నాది తవిటమ్మ, పప్పు ఏరినట్టే.
రెండోవారం బద్ద.
ఆ తరవాతంతా నూక.
ఇల్లు ఐదరాబాదు ఎల్లిపోనాది, పదో అంతస్తుకి.
కుర్సీ రోజూ ఇరుగుతాది.
ఇరిగినప్పుడల్లా టొంయ్ మని సప్పుడు,
ఎనకాల ఎవలో, కనపడనోళ్ళు,
మాకంటే ముందే నవ్వీస్తారు.
మా వంతు నవ్వు మాకు మిగల్చరు.

లింగరాజు సూటేసుకుని
పుస్తకం సదివినట్టు మాటాడతాడు.
మరి మా మాట ఎటెల్లిపోనాదా అని ఎతికితే
ఒక్కడి నోట్లో దొరికినాది,
గేటుకాడ వాచ్‌మేన్.
ఆడు ‘ఏటి బావూ’ అన్నాడు.
టొంయ్. నవ్వు.
ఆడు జోకేటీ సెప్పనేదు.
ఏటి, అన్నాడు.
అంతే కదా అన్నాడు.

నలభై జతల సేతులు ఆగిపోనాయి.
బట్టీ ఆరిపోయిన నాడు కూడా
షెడ్డు అంత సప్పుడు నేకుండా నేదు.
తూకం రాసే కుర్రోడు
‘కామెడీ కదమ్మా, ఏటయ్యింది’ అన్నాడు.
తవిటమ్మ జీడిసొనకి నల్లబడ్డ యేళ్ళు సూపించినాది.
‘పప్పు ఇరక్కుండా పొట్టు తియ్యడానికి
నాకు రెండేళ్ళు పట్టినాది నాయనా.
ఇరగ్గొట్టడం
మొదటిరోజే వొచ్చీసినాది.’

దాలినాయుడు రిమోటు అట్టుకుని అడిగినాడు,
‘తిట్టుకుంటా ఎందుకు సూడ్డం, మార్చీనా?’
ఎవలూ మార్చమననేదు.
తెలిసిన సుట్టం తాగొచ్చినాడని
గుమ్మంలో నిలబెట్టీస్తామా.

నిన్న రాత్రి మళ్ళీ ఏసినారు.
మజ్జిలో తవిటమ్మ పీట ఒక పక్కకి ఒంగినాది,
అక్కడ నేల గుంటపడి శానా రోజులయ్యింది.
నేను పప్పు డబ్బా అట్టముక్క మడతెట్టి
కిందకి తోసినాను.
ఎవలూ ఏటీ అననేదు.
తవిటమ్మ తల కూసింత
నా పక్కకి ఒంచినాది.

టీవీలో ఎవలో నవ్వుతున్నారు,
ఇంక దేనికో.