తొమ్మిది కిలోలు

రోహిణి కార్తె మూడో రోజు.
గంటస్తంభం దగ్గర తారు చెప్పుకి అంటుకుంటోంది.
జామి ఈశ్వర్రావు కొట్లో నిలబడి
ఉన్ని సాక్సులు నాలుగు జతలు అడిగాను.

"ఏటమ్మా, ఒంట్లో బాగుందా?"

నిచ్చెనేసుకుని అటకెక్కి
కిందటి ధనుర్మాసం మిగులు మూట దింపాడు.
కలరా ఉండల వాసన. సాక్సులతో పాటు ఒక కోతిటోపీ.
పెట్టుకుని అద్దంలో చూస్తే
చెమటలు కక్కుతున్న ఎలుగుబంటి.
ఇద్దరం నవ్వాం. పది రూపాయలు తగ్గించాడు.

జాన్‌స్కార్ నుంచి రిగ్జిన్ పంపిన జాబితా
నా రిజిస్టర్లో మడతపెట్టి ఉంది.
ముప్పై ఒక్క వస్తువులు, కింద గీత గీసి ఒక మాట:
సంచి తొమ్మిది కిలోలు దాటకూడదు.
ఇరవై రెండేళ్లుగా పెద్దాసుపత్రి ల్యాబులో
చుక్కలు, మిల్లీగ్రాములు లెక్కపెట్టేదాన్ని,
తొమ్మిది కిలోలంటే
ఒక ఇల్లు పడుతుందనుకున్నాను.

టార్చి నూట పది.
రెయిన్‌కోటు నాలుగొందల నలభై.
స్టీలు గ్లాసు తీసేశాను.
గొడుగు తీసేశాను; చెయ్యి మళ్లీ పెట్టింది; మళ్లీ తీసేశాను.
భీమాలి తాండ్ర ఆరొందలు.
జాబితాలో లేదది.
దాని జోలికి ఎవరూ రావద్దు.

ఎర్నమ్మ తుడుపుకర్ర ఆపి అడిగింది:
"కొండలు సూడ్డానికి అంత దూరమేటమ్మా?
సాలూరెల్తే నేవా?"
ఉన్నాయే. కానీ అక్కడికి ఫోనొస్తుంది.
డెంగీ స్లైడ్లున్నాయి, రమ్మంటుంది.

తెల్లారుజామున స్కూటీ మీద రామతీర్థం.
భుజాన సంచి, సంచిలో తొమ్మిది కిలోల బియ్యం,
కాళ్లకి ఇంకా అలవాటు పడని బూట్లు.
ఎడమ మడమ మీద పొక్కు చితికి, ఎండి, మళ్లీ లేచింది.
"దీదీ," అన్నాడు రిగ్జిన్ ఫోన్లో,
తన హిందీ సగం, నా హిందీ పావు,
"మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే నడువు.
మాట తెగితే కాలు ఆపు."

పక్కన మాట్లాడేవాళ్లు లేరు.
అందుకని కొండమెట్లకి స్టేషన్ల పేర్లు చెప్పాను.
నెల్లిమర్ల, గుర్ల, గరివిడి,
చీపురుపల్లి దగ్గర ఊపిరి తెగింది.
కూర్చున్నాను. ఒక కోతి బియ్యం సంచిని అనుమానంగా చూసింది.

పన్నెండో రోజుకి పొందూరు.
జ్వరమొచ్చిన వారం మళ్లీ గుర్ల దగ్గరికే.

దరఖాస్తులో ఒక గడి: రక్తం గ్రూపు.
పెన్ను ఆగింది.
కాలేజీలో ఎవరో రాసిచ్చిన చీటీ మాటే
ఇన్నాళ్లూ నా రక్తం.
నైట్ డ్యూటీలో తలుపు దగ్గరేసి
నా వేలు నేనే పట్టుకున్నాను.
ఎన్ని వేలమందికి చెప్పానో, నొప్పుండదని.
ఉంది.
పలకమీద మూడు చుక్కలు.
మొదటిది పల్చగానే ఉండిపోయింది.
మిగతా రెండూ
నాగావళి ఇసుకలా రేణువులు కట్టాయి.
బి పాజిటివ్. చీటీ అబద్ధం చెప్పలేదు.
అయినా ఆ పలక కడగడానికి చాలాసేపు పట్టింది.

ఇంకో గడి: ఆపదలో ఎవరికి చెప్పాలి?
ఎర్నమ్మ నంబరు రాశాను.
"ఆలు హిందీలో సెప్తే నాకేటి తెలుస్తాది?"
ఆ కబురు ఏ భాషలోనైనా తెలుస్తుందని అనలేదు.
"నేనే చేస్తాను, తెలుగులో" అన్నాను.
"మరి సెయ్యి," అంటూ
బకెట్టు ఎత్తుకుని పోయింది.

రాత్రి సంచి మళ్లీ తూచాను.
తొమ్మిది కిలోల రెండొందలు.
దువ్వెన తీశాను, అద్దం తీశాను,
తాండ్ర వైపు చూసి
ఒక రేకు తినేశాను.

ఇవాళ పొద్దున్న మెట్లమీద
పలాస దాటింది మాట తెగకుండా.
సోంపేట. ఇచ్ఛాపురం.
పైమెట్టు ఇంకా నలభై అడుగులుంది.
ఊపిరుంది.
ఇచ్ఛాపురం అవతల స్టేషన్ల పేర్లు
నాకు రావు.

పెదాలు కదుపుతూ ఎక్కాను.