పెన్సిలు ఆగిన చోటు

మంగళవారం. బయట మైనస్ ముప్పై ఒకటి.
థండర్ బే రేవులో గోధుమ గిడ్డంగులు
మోకాళ్ళదాకా మంచులో నిలబడి ఉన్నాయి.
లోపల, లూన్ బార్‌లో, రెండు పూల్ బల్లలు.
ఒకటి బాగుంటుంది.
రెండోది ఎడమ మూల జేబు వైపు ఒరుగుతుంది,
ఇంటిదారి తెలిసిన ఆవులా ప్రతి బంతీ అటే పోతుంది.
ఫైనల్ దాని మీదే పడింది. చీటీ తీసింది నేనే.

నేను ఆడను. ఒకప్పుడు ఆడేవాణ్ణి.
నా ఆట చూసి మావాళ్ళే
నా చేతికి పెన్సిలు ఇచ్చారు.
పదకొండేళ్ళుగా స్కోరు రాస్తున్నాను.

మేం స్కూలు బస్సులు నడిపేవాళ్ళం.
వాళ్ళు మూతపడ్డ పేపరు మిల్లు మనుషులు.
మిల్లు పోయినా జట్టు పోలేదు.
చొక్కాల వీపు మీద కంపెనీ పేరు ఇంకా ఉంది,
ఉతికి ఉతికి రెండక్షరాలు రాలిపోయాయి.

రైమో లెహ్తినెన్ చేతులు
కిందటి శీతాకాలం నుంచీ వణుకుతున్నాయి.
గురి చూసేటప్పుడు అతని క్యూ కొన
తెల్లబంతి ముందు తేనెటీగలా తారట్లాడుతుంది.
అది కుదురుకునేదాకా బారంతా ఆగుతుంది.
ఎవరూ గోడ గడియారం వైపు చూడరు.
మా బెంజీ అయితే సరిగ్గా అప్పుడే వంగి
బూటు లేసు కట్టుకుంటాడు,
ఒక్క రాత్రిలో ఆరుసార్లు.

తిట్టుకోమని కాదు. కడుపారా తిట్టుకుంటాం.
"నీ బ్రేక్ కన్నా మా అమ్మమ్మ
తలుపు గట్టిగా వేస్తుంది" లాంటివి
బీరుతోపాటు ఉచితం.
మా క్యూ చివర తోలు ఊడితే మాత్రం
జిగురు వాళ్ళ జేబులోంచే వస్తుంది.

ఆఖరి గేము. నాలుగు, నాలుగు.
మాకు మిగిలింది నల్లది ఒక్కటే,
ఎడమ మూల జేబు పెదవి మీద, ఊదితే పడేలా.
రైమోకి ఇంకా రెండు, ఆపైన అదే నల్లది.
డెల్మా మూనియస్ వంగింది.
ఆమె స్వెట్టరు కూతురు అల్లింది,
ఒక చెయ్యి పొడుగు.
ఆ చేతి అంచు తెల్లబంతికి తగిలింది.
బంతి కదిలిందనడం కూడా ఎక్కువే.
నిద్రలో పిల్లాడు
ఒత్తిగిలబోయి మానుకున్నట్టు, అంతే.

రైమో గ్లాసులోకి చూస్తున్నాడు.
బెంజీ తన బూటు వైపు చూస్తున్నాడు, అలవాటు కొద్దీ.
నేను చూశాను.
చూసి, నోట్లో నాలుక లేనట్టు కూర్చున్నాను.
పదకొండేళ్ళలో ఒక్కసారీ గెలవలేదు మరి.

డెల్మా నడుం ఎత్తింది.
"తగిలింది" అంది,
బస్సెక్కే పిల్లల్ని లెక్కపెట్టే గొంతుతోనే.
తెల్లబంతి తీసి రైమో అరచేతిలో పెట్టింది.

జాలిపడి తప్పు కొడతాడేమో అనుకున్నాను.
సిగ్గులేకుండా అనుకున్నాను.
అతను బల్ల చుట్టూ రెండుసార్లు తిరిగాడు.
బంతి పెట్టాడు, తీశాడు, వేలెడు జరిపాడు.
వణుకు. బెంజీ లేసు. ఒకటి.
వణుకు. లేసు. రెండు.
ఆపైన నల్లది,
ఎవరి కోసమూ ఆగకుండా, ఇంటికి.

డెల్మా అందరికన్నా ముందు
క్యూ మడమతో నేలను మూడుసార్లు కొట్టింది.
ఇక్కడ చప్పట్లంటే అదే.

అర్ధరాత్రి రైమో ట్రక్కు కదలనంది.
రెండు జట్లూ వెనక చేరి తోశాం.
కప్పు బానెట్ మీద,
దాని పిడికి ఎవరిదో ఒంటి చేతితొడుగు.
ట్రక్కు దగ్గింది, ఉమ్మింది, బతికింది.
"వచ్చే ఏడు మంచి బల్ల మీద ఆడదాం రా!"
అని డెల్మా దాని వెనక అరిచింది.
అది నన్నూ అన్నట్టే ఉంది, చీటీ తీసింది నేనే కదా.

ఏప్రిల్లో, సరస్సు మీద గడ్డ పగిలే రోజుల్లో,
ఖాళీ బస్సులో ఆమెతో చెప్పాను,
ఆ రాత్రి నేను చూశానని.
"తెలుసు" అంది అద్దంలోంచి.
"నీ పెన్సిలు చప్పుడు ఆగింది."

తర్వాత వైపర్లు వేసింది. వాన లేదు.
నేను దిగాల్సిన చోటు దాటిపోయింది.
ఇద్దరం చూశాం.