పైనున్న గాలి

ఉదయం ఆరున్నర. తముల సరస్సు ఇంకా గడ్డకట్టే ఉంది.
షెడ్డులో పంపు నూనె చిక్కబడి
మొదటి మూడు నిమిషాలూ ముసలి కుక్కలా గుర్రుమంటుంది.
"అరవనీ" అంటుంది ఉర్వే, "దానికీ తెల్లారాలిగా."

పనిలో నాకది నాలుగో రోజు.
బల్ల మీద బిర్చ్ ప్లైవుడ్ పరిచాం.
బిగింపు లేదు, మర లేదు, మేకు లేదు.
నేను వంగి కిందకి చూశాను, నిజంగానే,
ఏ చెయ్యి పట్టుకుంటుందో అని.

ఆవిడ మీట తిప్పింది.
ఎవరో పెదవులు లోపలికి మడుచుకున్నంత చప్పుడు.
గేజులో ముల్లు సున్నా దాటి వెనక్కి నడిచింది.
"ఇప్పుడు జరుపు."
భుజం ఆనించి నెట్టాను.
గోడని నెట్టినట్టే ఉంది.

"భలే లాగుతోంది పంపు!" అన్నాను.
"పంపు ఏదీ లాగదు, రైదో.
కింది గాలిని బయటికి పంపేస్తుంది, అంతే.
నొక్కేది పైనున్న గాలి.
పుట్టినప్పట్నుంచీ నీ నెత్తిమీద ఉన్నదే.
నీ లోపల కూడా అంతే ఉంది కాబట్టి
బరువు తెలియడం లేదు."
ఆ షీటు మీద లెక్క కడితే ముప్పై టన్నులట.
నేను తల తడుముకున్నాను.

షీటు కింద పరిచే ఎమ్‌డీఎఫ్ బోర్డుకి
ఒళ్లంతా ముక్కులే.
దాని అంచులకి రంగు పూసి ఊపిరి కట్టాలి,
పైన జిడ్డు పేరుకుంటే మిల్లీమీటరు చెక్కి మళ్లీ తెరవాలి,
షీటు కప్పని చోట పాత లినోలియం ముక్కలు వెయ్యాలి.
లేదంటే పంపు
వోరు ఊరి గాలంతా తాగుతూ కూర్చుంటుంది,
చెక్క మాత్రం పట్టు తప్పుతుంది.
ఉర్వేకి ఎడమ చెవి వినపడదు, ముప్పై ఏళ్ల మిషన్ల మోత.
ఈల వినలేదు కనక
మణికట్టు నాకి, తడి చేసి,
అంచు వెంట నెమ్మదిగా తిప్పుతుంది.
చల్లబడిన చోట టేపు అంటిస్తుంది.

ఫిబ్రవరిలో రౌగె బడికి నలభై కుర్చీల వీపులు.
ఒక్కోదాంట్లో అడవిపిల్లి తల, విడిగా కోసి అతికించే చెవులు.
మొదటి చెవి తెగీ తెగగానే
టప్పున ఎగిరి కిటికీ అద్దానికి కొట్టుకుంది.
"అంత చిన్నదాని మీద గాలి మాత్రం ఎంతుంటుంది?
మూడు కిలోలు కూడా ఉండదు.
బిట్టు దానికి పది రెట్లు లాగుతుంది."
అందుకని పూర్తిగా కొయ్యనివ్వలేదు.
ఉల్లిపొర మందాన అడుగు మిగిల్చి,
షీటు దించాక
చాకుతో ఒక్కో చెవినీ విడదీశాం.
నాకు వేళ్లు తెగాయి. ఆవిడకి తెగలేదు.

ముప్పై ఏడో వీపు సగంలో ఉండగా
మంచుగాలికి ఎక్కడో తీగ తెగి కరెంటు పోయింది.

స్పిండిల్ ఇంకా తిరుగుతూనే ఉంది, అలవాటు కొద్దీ.
పంపు ఆగిపోయింది.
షీటు హమ్మయ్య అన్నట్టు కాస్త పైకి లేచింది,
బిట్టు దాన్ని రెండు మిల్లీమీటర్లు పక్కకి ఈడ్చి
తనూ ఆగింది.

ఆ చీకట్లో నేను నోట్లోనే బూతులు నమిలాను.
ఉర్వే అరచెయ్యి షీటు మీద పెట్టి
అటూ ఇటూ జరిపి చూసింది.
ఎంత తేలిగ్గా కదిలిందో!
"ఇప్పుడు పైనా కిందా ఒక్కటే" అంది,
ఎవరితోనో రాజీ కుదిరిన మనిషిలా.

కరెంటు వచ్చేదాకా ఫ్లాస్కులో కాఫీ తాగాం.
ఆవిడ మొగుడు ఐవో పోయి పదేళ్లని
ఆ రోజే తెలిసింది. ఎలా అని నేను అడగలేదు.
కాఫీలో బిర్చ్ పొట్టు తేలుతోంది,
ఊది తాగాం.

బడికి మరొకటి కోసి పంపాం.
వంకర పోయిన వీపుని మాత్రం పారెయ్యనివ్వలేదు.
ఇప్పుడది భోజనాల గదిలో
ఆవిడ కుర్చీకి ఉంది.
అడవిపిల్లి ఒక చెవి కొంచెం కిందకి వాలి
ఏదో వింటున్నట్టుంటుంది, ఎడమ పక్క నుంచి.