హాజరు పుస్తకం

ఉకంబానీలో ఏరంటే
ఏడాదికి పదిరోజులు ఉరిమే ఎర్రనీళ్లు,
మిగతా అంతా ఇసుక.
ఆ ఇసుకలో మా అమ్మ మోచేతుల దాకా,
తర్వాత భుజాల దాకా,
సెప్టెంబరు వచ్చేసరికి నిలువెత్తు దిగి
సొరబుర్రతో తోడిన చెలమ
నాకు మొదటి జ్ఞాపకం.
పైనుంచి చూస్తే ఆమె నడినెత్తి మాత్రమే కనిపించేది.

ఒకసారి లారీ వచ్చింది.
బోరు దింపి, పంపు బిగించి,
దాతల పేర్లు చెక్కిన రాయి పాతి
మాచేత చప్పట్లు కొట్టించుకుని పోయింది.
పద్నాలుగో నెలలో పంపు లోపల
ఒక తోలుబిళ్ల అరిగిపోయింది.
దాన్నేమంటారో మాకెవరికీ తెలియదు.
పేరు తెలియనిదాన్ని ఏ దుకాణంలో అడగాలి?
ఆ రాయెక్కి ఇప్పుడు మేకలు నిలబడతాయి.

"మనకొచ్చిన పనే చేద్దాం" అంది స్యోకౌ ముసలమ్మ.
మాకొచ్చింది రాళ్లు మోయడం.

ఇరవైరెండుమంది ఆడవాళ్లం, ముగ్గురు మగవాళ్లు.
మంగళవారం, శుక్రవారం.
ఏటికి అడ్డంగా, బండ తగిలేదాకా తవ్వి
గోడ.
రానివాళ్లకు పది షిల్లింగుల జరిమానా,
ఆలస్యానికి ఐదు.
నాలుగో తరగతి చదివానని
హాజరు పుస్తకం నాకిచ్చారు.
చూడండి, అట్ట మీద ఇంకా సిమెంటు మరకలు.

రెండో ఏడు మా కోశాధికారి కిలోంజో
డబ్బాతో సహా మాయమయ్యాడు.
కొడుకు ఆసుపత్రిలో ఉన్నాడని తర్వాత తెలిసింది.
తిరిగొచ్చిన రోజు ఎవరూ కొట్టలేదు,
ఎవరూ ఓదార్చనూ లేదు.
చీకటి పడేదాకా తగవులాడి తీర్మానం రాశాం:
బాకీ రాళ్లతో తీర్చాలి, బండికింత అని.
గోడ ఎడమ కొస నల్లగా ఉంటుంది.
అది కిలోంజో కొండ అవతలి నుంచి తెచ్చిన రాయి.

గోడ లేచిన వానకాలం
ఏరొచ్చింది, గోడెక్కింది, దూకి పోయింది.
వెనక మిగిలింది ఇసుక.
"ఇంత కష్టపడి ఇసుక పండించారా!"
పక్క ఊరు నవ్వింది.
మరుసటి వానకు మరింత ఇసుక.
మా ఆయనా నవ్వాడు,
పుస్తకంలో లేదు గానీ నాకు గుర్తుంది.
ఆరుగురు మానేశారు.
వాళ్ల పేర్లు కొట్టెయ్యకుండా
ఎదురుగా గళ్లు ఖాళీగా వదిలాను.

నీళ్లు గడుసువి.
ఎండ కన్ను పడేచోట ఉండవు.
రేణువుకీ రేణువుకీ మధ్య
చీరకొంగు ముడిలోని చిల్లరలా దాక్కుంటాయి.
నాలుగో ఏటి ఎండల్లో
ముంబువా కూతురు ఆడుకుంటూ గుంట తీసింది.
చెయ్యి తడిసింది.
మోచెయ్యి దాకా కూడా కాదు,
మణికట్టు దాకా.

ఆ తర్వాత పెద్ద విశేషాలేం లేవు.
మోత తప్పి ముంబువా గాడిద లావెక్కింది.
గట్టున ఆకుకూర మళ్లు,
రెండు వేసవులు దాటిన మామిడిమొక్కలు.
ఖాళీ గళ్లలో నాలుగు నిండాయి.
మొన్న ఒకాయన జీపు దిగి
"ఇది మీకెవరిచ్చారు?" అని కలం తీశాడు.
స్యోకౌ బతికుంటే ఏదో ఒకటి అనేది.
నేను పుస్తకం చేతికిచ్చాను.
మూడు పేజీలు తిప్పి, వేలిముద్రలు చూసి
కలం జేబులో పెట్టుకున్నాడు.

ఇవాళ మంగళవారం.
ఎగువ మలుపులో రెండో గోడకు
ఇంకా బండ తగల్లేదు.
మీతో మాట్లాడుతూ కూర్చున్నందుకు
నా పేరుకెదురుగా నేనే రాసుకోవాలి:
కలేక్యే, ఆలస్యం, ఐదు షిల్లింగులు.