వేళ్ళ లెక్క

కతాండువానెస్ దీవిలో, తుపాను పోయిన పదో నాడు,
కుళ్ళిన కొబ్బరి డొక్కల గుట్టని
కర్రతో కదుపుతున్నాడు ఇస్మో.
అడుగున నల్లటి తేమ, చెదలు, వానపాములు.
వాటి నడుమ ఏదో తళుక్కుమంది,
నూనె రాసిన చిటికెన వేలులా,
పట్టేలోగా సగం జారింది.

మనవైపు నలికండ్లపాము అంటాం,
నాలుగు కాళ్ళూ కనిపిస్తున్నా పామే అని.
తొందరపడి పెట్టిన పేరు.
ఇక్కడి మట్టిలో అది నిజమయ్యే దారిలో ఉంది.

లాస్ బాన్యోస్ నుంచి వచ్చిన రోవెన
బురదలో మోకాళ్ళూని, భూతద్దం కంటికి ఆనించి
ముందరి కాలు ఐదు, వెనక కాలు ఐదు
అని రాసుకుంది.
పోయిన వారం పుటలో, నీళ్ళకవతలి కొండదానికి మూడు.
దాని పినతల్లి బిడ్డకి రెండు.
ఇంకొకదానికి కాలుండాల్సిన చోట
బియ్యపు నూక, ఎవరో అతికించి మరిచినట్టు.
నడుమేమో పుట పుటకీ పొడుగు,
చల్లారకముందే లాగిన పాకం తీగ.

ఇస్మో ఎడమచేతికి మూడే.
పందొమ్మిదో ఏట అబాకా నార తీసే మర తినేసింది.
రోవెన చూపు అటు వెళ్ళి, తప్పు చేసినట్టు తిరిగొచ్చింది.
"నన్నూ ఓ జాతిగా రాసుకో తల్లీ" అన్నాడు.
ఆమె నవ్వలేదు. ఆయనే నవ్వి,
"మనవలు పుట్టగానే లెక్కపెట్టాలే.
ఏడుగురికీ ఐదే."

పొద్దు వాలుతుండగా కాళ్ళే లేనిది దొరికింది.
"పాము! కొట్టు!" అంది సబీనా, కత్తి పట్టుకొచ్చి.
ఇస్మో దాన్ని అరచేతిలో ఆమె మొహం దాకా ఎత్తాడు.
"చూడు."
ఏముంది చూడ్డానికి?
కాసేపటికి, గసగసంత కన్ను మీద
రెప్ప పడింది. లేచింది.
పాముకి రెప్పలేవీ?
సబీనా కత్తి దించింది గానీ
దగ్గరికి మాత్రం రాలేదు.

పోయిన కాళ్ళు కొన్ని వంశాల్లో
మళ్ళీ మొలిచాయని మా మేడమ్ వాదన,
కాదనేవాళ్ళూ ఉన్నారు, అంది రోవెన.
"ఎన్నాళ్ళకట?"
"లక్షల ఏళ్ళు."
"అయితే తొందర లేదు"
అని దాన్ని మట్టి మీద వదిలాడు.
అది నడవలేదు, పాకనూ లేదు.
తలతో మట్టిని అడిగింది, మట్టి తప్పుకుంది.

డొక్కల్ని ఉన్నవున్నట్టే తిరగేసి పేరుస్తుంటే
దిగువన అరటితోటలోంచి పిల్లల కేక:
మన ఇంటి రేకు ఒకటి దొరికింది తాతా,
వంగిపోయింది గానీ మనదే.