పద్నాలుగో మడి

కౌరా ఊరి బయట, సెప్టెంబరు ఎండలో
డెస్మండ్ ట్రాంటర్ రెండు కొత్త నూలు బనియన్లు పాతిపెట్టాడు:
ఒకటి ఎరువు బస్తాల మడిలో,
ఒకటి పద్నాలుగో మడిలో.
పరిశోధనకి నిధులాగి అప్పటికి మూడేళ్ళు.
నోటుపుస్తకం మాత్రం ఆగలేదు.

ఇరవై రెండేళ్ళ గళ్ళు అందులో.
వాన ఎంత, వానపాములెన్ని,
క్లోవర్‌ని దున్నకుండా ఎప్పుడు పడుకోబెట్టింది.
కరువు ఏడాదికి ఎదురుగా ఒకటే మాట:
"మట్టి ముఖం చూడలేకపోయాను."

అరవయ్యో రోజు నేనూ పార పట్టాను.
మొదటి బనియను
ఉతికితే తొడుక్కోవచ్చు.
రెండోచోట ముందు వాసన వచ్చింది,
చినుకు లేని తొలకరి.
తర్వాత మెడపట్టీ నైలాన్ దారం, లేబులు.
అంతే.
మిగతాదంతా మట్టి తినేసింది.

అతను నవ్వలేదు.
లేబుల్ని తొడకి తుడిచి, పుస్తకంలో అతికించి,
తేదీ వేశాడు.

"రుజువేనా ఇది?"
"కాదు. ఆకలి."

ఇన్నేళ్ళూ మనం నేలకి
అన్నం పెట్టామో మందు పెట్టామో
అనుకుంటూ నేనక్కడే ఉన్నాను.
అతనప్పటికే పదిహేనో మడిలో మోకాళ్ళమీద కూర్చుని
ఇంకో బనియను కోసం చెయ్యి చాచాడు.

నా దగ్గరున్నది ఒంటిమీదదొక్కటే.